మా అక్క గొంతుల విరిగిందన్న ఎముక

నా పేరు వనజ. భర్త పేరు శివకుమార్. వయసు ముప్పై ఆరు. గద్వాలల మగ్గం నేస్త. చచ్చిపోయిన జమ్ములమ్మ నాకు తోడబుట్టిన అక్క. ఈ కేసుల ముద్దాయి చెన్నయ్య ఆమె మొగుడు, నాకు బావ, కోడేరుల ఎవుసం చేస్తడు. నాగర్‌కర్నూల్ కోర్టుల మేజిస్ట్రేట్ మేడం ముందర నా ఇష్టంతోటి చెప్తున్న.

"మీ బావ తరపోళ్ళు ఎవరన్న పంపిండ్రా?" అని మేడం అడిగిండ్రు. లేదు. ఆ ఇంటోళ్ళతోటి నాకు మాటల్లేవు. బావ మీద పోలీసులకు దరఖాస్తు ఇచ్చిందే నేను.

పోయిన కార్తీకంల ఒకనాడు పొద్దుగాల బావ ఫోన్ చేసిండు. "మీ అక్క పత్తి చేన్ల పడిపోయింది, లేస్తలేదు" అన్నడు. నేను, మా అమ్మ బస్సుల పోయేసరికి అక్కను ఇంటి ముందర పండవెట్టిండ్రు. బావ చెంప మీద గోరు గీరినట్టు గీత ఉండె. అదేందని అడిగిన. పత్తి కట్టె గీరింది అన్నడు. పత్తి కట్టె గీరితే గట్ల పడదు. ఆయన ఏడుస్తలేడు. చెప్పులు కడుగుతుండు. పెండ్లాం చచ్చి పండుకోని ఉంటే చెప్పులెందుకు కడుగుతుండో నాకు ఇప్పటికీ తెల్వదు.

అనుమానమొచ్చి పోలీసులకు చెప్పిన. పోస్టుమార్టం చేసిండ్రు. గొంతుల, దవడ కింద, గుర్రపు నాడా లెక్క ఒక ఎముక ఉంటదంట. దాని ఎడమ కొమ్ము విరిగిందని, గొంతు పిసికితే గట్ల విరుగుతదని రాసిండ్రు. బావను జైలుకు పంపిండ్రు. అక్క బిడ్డ రమ్య అప్పటిసంది మా ఇంట్లనే ఉంది.

ఎండకాలంల నాకు దవడ నొప్పి లేసింది. జొన్నరొట్టె నమిలినా, నోరు పెద్దగ తెరిసినా గొంతుల టక్కుమంటది. ఆ చప్పుడు చిన్నప్పటిసంది ఉన్నదే. అక్కకు కూడ ఉండె. ఇద్దరం దవడ అటు ఇటు తిప్పి, ఎవరిది గట్టిగ ఇనొస్తదో చూసుకునేటోళ్ళం. అమ్మ తిట్టేది.

మా ఆయన వనపర్తిల గొంతు డాక్టరమ్మ దగ్గరికి తోలుకపోయిండు. ఆమె మెడకు స్కాన్ తీపిచ్చింది. అది చూసి మా ఆయనను బయట కూసోమంది. తలుపు ఏసింది.

"భయపడకు. మీ ఆయన ఎప్పుడన్న నీ గొంతు పిసికిండా?"

"అయ్యో, లేదమ్మా."

"నేను ఎవరికీ చెప్ప. నిజం చెప్పు."

"నా మీద చెయ్యెత్తిన మనిషి కాదమ్మా."

ఆమె నమ్మలే. మళ్ళ అడిగింది. నేను మళ్ళ లేదన్న. అప్పుడు స్కాన్‌ను దగ్గరికి తీసుకోని శానసేపు చూసింది. నా గొంతుల గూడ ఆ నాడా ఎముక ఎడమ కొమ్ము నడిమి ఎముకకు అతుక్కోకుండ ఎడంగ ఉంది. అంచులు నున్నగ ఉన్నయి కాబట్టి ఇది విరిగింది కాదన్నది. కొందరికి వయసొచ్చినా అది అతుక్కోదంట, ఆ టక్కు చప్పుడు దానిదే అయ్యుంటదంట.

"మా అక్కకు గూడ గిట్లనే ఉండొచ్చా అమ్మా?" అని అడిగిన.

"ఉండొచ్చు. చూడంది చెప్పలేను" అన్నది.

బయటికొచ్చినంక మా ఆయన "ఏమడిగింది?" అన్నడు. బస్సుల ఆయన చేతుల దిక్కు చూసుకుంట కూసున్న. ఏం చెయ్యని చేతులు. నేను బతికుండి లేదని చెప్పినా డాక్టరమ్మ ముందుగాల నమ్మలే. చెప్పెటందుకు మా అక్క లేదు.

బావ చంపలేదని నేను చెప్తలేను. ఆయన మీద నాకు అనుమానం పోలే. పోస్టుమార్టంల తీసి దాసిపెట్టిన అక్క గొంతు ఎముకను ఇంకో డాక్టరుకు చూపియ్యాలె అంటున్న. నా స్కాన్ ఇస్తున్న. కావాలంటే నా మెడకు మళ్ళ తియ్యుండ్రి.

మా అమ్మ బయట బెంచీ మీద ఉంది. నేను ఇది చెప్పొచ్చిన్నని నాతోటి మాట్లాడ్తలేదు. రమ్య "అమ్మను నాన్ననే చంపిండా?" అని అడిగినప్పుడల్లా అవునని చెప్పుకుంట వచ్చిన. నిన్న మళ్ళ అడిగింది. తెల్వదు బిడ్డా అన్న.

నేను చెప్పిన మాటలే రాసిండ్రు. చదువుతుంటే ఇన్న. ఇందుల అబద్ధం లేదు, ఎవరి బలవంతం లేదు.

(సంతకం) వనజ