బీరువా ఇరుక్కున్న ఎపిసోడ్

కుట్టుమిషన్ ముందు దర్జీ. టీవీ వెనక దూరి వైర్లు చూస్తున్న అతని బావమరిది. వంటింటి గుమ్మంలో దర్జీ భార్య. సాయంత్రం.

“...అక్కడే బావమరిదీ, సరిగ్గా అక్కడే ఇరుక్కుపోతుంది బీరువా! మూడో అంతస్తు మెట్ల మలుపులో. పైకి పోదు, కిందికి రాదు. చంకల దగ్గర పట్టేసిన చొక్కా అనుకో.”

“తెలుసు బావా. నేనూ చూశానుగా.”

“నువ్వు చూడటం వేరు, నేను చూడటం వేరు.”

“నువ్వసలు చూడనే లేదు. అప్పటికి నీ రెండు కళ్ళకీ కట్టు.”

“అదే చెప్తున్నా! మీ అక్క చూసి చెప్పింది, నేను విన్నాను. ‘లిఫ్ట్ పనిచేయదు’ సీరియల్ మొదలైన రోజు నుంచి ఒక్క ఎపిసోడ్ వదల్లేదు నేను. రాసిపెట్టుకో, అన్నిట్లోకీ గొప్పది నేను చూడని ఆ ఒక్కటే.”

“ఏవండీ, వాణ్ణి పని చేసుకోనివ్వండి. వైరు పట్టుకుని వాడు, బీరువా పట్టుకుని మీరు.”

“ఉష్! మధ్యలో రాకు. డైలాగ్ పోయింది.”

“టీవీ ఇంకా పెట్టనే లేదండీ.”

“నా డైలాగ్ పోయింది!”

“అక్కా, టీవీ లేకపోయినా ఉష్ అంటాడా బావ?”

“నిద్రలో కూడా అంటారురా. మొన్న సీరియల్ మధ్యలో నాకు తుమ్మొస్తే, పక్కవాళ్ళింటికి వెళ్ళి తుమ్మి వచ్చాను.”

“మీ అక్క ఒకటికి పది చేస్తుంది, నమ్మకు. ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, బీరువా. కొన్నది నాలుగో అంతస్తు గుమాస్తా. లిఫ్ట్ ఎలాగూ పనిచేయదు. అది పనిచేస్తే ఇక సీరియల్ ఎక్కడిది? మోసేవాళ్ళు సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. పైవాళ్ళు కిందికి దిగలేరు, కిందివాళ్ళు పైకి ఎక్కలేరు.”

“అప్పుడు బీరువా వెనక చెక్క ఊడదీస్తారు. ముందు తలుపు తీస్తే ఇటు నుంచి అటు దారి. ఇక అందరి రాకపోకలూ అందులోంచే. పాటల టీచరైతే లోపలికి దూరే ముందు తలుపు కొట్టి, ‘రావచ్చా’ అంటుంది చూడు! పడీ పడీ నవ్వాను బావా.”

“బాగుంది. తర్వాత?”

“తర్వాతేముంది? ఇంటి ఓనరు లావు కదా, దూరబోయి అందులో ఇరుక్కుంటాడు. అయిపోయింది.”

“చూశావా, అసలుది వదిలేశావు! మరి గుమాస్తా భార్య?”

“ఆవిడకేమైంది?”

“కుర్చీ తెచ్చుకుని బీరువాలో కూర్చోదూ?”

“ఎవరూ? ‘కాఫీ తెమ్మంటారా’ ఆవిడా?”

“ఆవిడే.”

“బావా, మొత్తం సీరియల్లో ఆవిడకి ఆ ఒక్క ముక్క తప్ప డైలాగే లేదు. అదైనా తలుపు వెనక నుంచి అంటుంది. ఆవిడ ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.”

“ఈ ఎపిసోడ్‌లో ఉంది. ఏమే, ఉందా లేదా?”

“ఏమోనండీ. కుర్చీ కాదు గానీ, స్టూలు.”

“అదిగో! స్టూలట. చూసిన మనిషి చెప్తోంది, విను.”

“అక్కా! స్టూలూ లేదు, కుర్చీ లేదు. నువ్వు ఏ చానెల్ చూశావే?”

“మన టీవీలో వచ్చిందే చూశానురా.”

“మా టీవీలోనూ అదే వస్తుంది!”

“మీ టీవీ చిన్నది కదూ. అందులో పట్టలేదేమో.”

“అక్కా, చిన్న టీవీలో మనుషులు తగ్గిపోరే!”

“ఉష్! చెప్పనివ్వండి నన్ను. గుమాస్తా భార్య స్టూలు మీద కూర్చుంది. బీరువాలోంచి వెళ్ళాలంటే ఆవిణ్ణి దాటాలి. వచ్చినవాళ్ళందర్నీ ఒకటే ప్రశ్న. ‘ఇవాళ పొద్దున నేను మీకు ఏం చెప్పాను?’ చెప్తే దారి. చెప్పకపోతే వెనక్కి.”

“ఇది... ఇది ఎక్కడిది బావా?”

“ఓనరొచ్చాడు. ‘అద్దె రెండ్రోజుల్లో ఇస్తానన్నారమ్మా’ అన్నాడు. ‘కాదు, మెట్ల మీద బల్బు మార్చమన్నాను’ అంది. వెనక్కి! పాలవాడొచ్చాడు. ‘రేపు నీళ్ళు తక్కువ కలపమన్నారు’ అన్నాడు. ‘నువ్వు బంగారం’ అని పక్కకి జరిగింది. ఆ రోజంతటికీ దాటింది పాలవాడొక్కడే!”

“పాలవాడా! ఆ సీరియల్లో పాలవాడే లేడు!”

“ఏవండీ, పాలవాడు పేద్ద క్యాను కూడా పట్టుకుని దూరాడు. అది మర్చిపోయారు.”

“అవునవును, క్యాను! అది తలుపుకి తగిలి మోగిందటరా, గుళ్ళో గంట మోగినట్టు.”

“అక్కా, నువ్వు నవ్వుతున్నావా?”

“లేదే. ఉల్లిపాయలు తరిగి వచ్చాను.”

“ఉల్లిపాయలకి ఏడుపు కదే వచ్చేది!”

“ఇక గుమాస్తా వంతు బావమరిదీ. సొంత మొగుడు. సంచీ పట్టుకుని వచ్చి, ‘జరుగు, ఆకలేస్తోంది’ అన్నాడు. ‘ఇవాళ పొద్దున ఏం చెప్పాను?’ అంది. ‘కాఫీ తెమ్మంటారా అన్నావు’ అన్నాడు. ‘అది రోజూ అనేది. ఇవాళ ఏమన్నాను?’ మనవాడు తడుముకోవడం మొదలెట్టాడు. గ్యాస్ అయిపోయిందన్నావా? కాదు. చెప్పు తెగిందన్నావా? కాదు. మీ అమ్మ వస్తోందన్నావా? కాదు. ఆవిడ లేచి, స్టూలు చంకలో పెట్టుకుని, అవతలికి వెళ్ళి తలుపేసి గొళ్ళెం పెట్టేసింది. వాడు మెట్ల మీదే పడుకున్నాడు, సంచీ తలకింద పెట్టుకుని! అది విని ఎంత నవ్వానంటే, కంటి డాక్టరు చూసుంటే చెవి మెలేసేవాడు. ఇంతకీ ఆవిడ పొద్దున ఏం చెప్పిందో, అది మాత్రం మీ అక్క చెప్పలేదు.”

“సీరియల్లో చెప్పలేదండీ. వాళ్ళు చెప్తేగా నేను చెప్పడం.”

“బావా, నా మాట విను. ఇంకో పావుగంటలో అదే ఎపిసోడ్ మళ్ళీ వేస్తున్నాడు. అందుకేగా ఈ టీవీ బాగుచెయ్యమని నన్ను పిలిపించావు. నువ్వే చూసుకో. ఆ సీను అందులో ఉంటే, ఏడాదిపాటు మీ ఇంట్లో ఫ్యానూ లైటూ ఏది పోయినా ఊరికే వచ్చి చేస్తా.”

“ఒరేయ్ తమ్ముడూ, ఆ టీవీ ఇవాళే బాగవ్వాలా? వదులైన ప్లగ్గు కదా, షాకూ గీకూ కొడుతుందేమో. రేపు తీరిగ్గా చూడు.”

“ఎందుకక్కా అంత కంగారు?”

“నాకేం కంగారు? ఎవరి కళ్ళు వాళ్ళకున్నాయి, ఎవరికి కావాల్సింది వాళ్ళు చూసుకోండి. నేను డాబా మీద బట్టలు తీసుకొస్తాను.”

“వెళ్ళిందా?”

“వెళ్ళింది బావా. ఇదిగో, ఇప్పుడే చెప్తున్నా, అక్క నిన్ను నిలువునా మోసం చేసింది. అదంతా...”

“కల్పించింది. తెలుసు.”

“తెలుసా?”

“గట్టిగా మాట్లాడకు. నాకు ఆపరేషన్ కుడి కంటికి. ఎడమది కదిలితే ఇదీ కదులుతుందని దాన్ని కూడా మూసేశాడు డాక్టరు. ఆ ఎడమ కట్టు ఒక పక్క ఊడింది. సందులోంచి టీవీ కనిపించింది. బీరువా కనిపించింది, పాటల టీచరు కనిపించింది, ఓనరు ఇరుక్కోవడమూ చూశాను.”

“మరి అక్క?”

“మీ అక్క టీవీ వైపే చూడట్లేదురా. నా వైపు చూస్తూ చెప్తోంది. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ! ఓనరు గొంతు ఒకటి, పాలవాడి గొంతు ఒకటి. ఈ మనిషికి ఇన్ని గొంతులున్నాయని పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు తెలిస్తే ఒట్టు.”

“అప్పుడే అడగాల్సింది, ఏంటీ అబద్ధాలని.”

“అడిగితే కట్టు ఊడిందని తెలిసిపోతుంది. తిట్టి, జిగురు పెట్టి మరీ అంటిస్తుంది. అయినా అడగాలనిపిస్తేగా! నేను, సీరియల్లో ఒక్క మాట పోతే ఇల్లు పీకి పందిరేసే నేను, నోరు మూసుకుని కూర్చున్నాను. అక్కడ టీవీలో ఓనరు ఇరుక్కుంటున్నాడు, ఇక్కడ మీ అక్క పాలవాణ్ణి దూరుస్తోంది. ఆ రెండూ కలిపి చూసినవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే.”

“ఆ ఒక్క రోజేనా?”

“ఇంకో రెండు వారాలు. కట్టు విప్పేదాకా రోజూ సాయంత్రం కూర్చుని చెప్పింది. పాలవాడికి పెళ్ళి చేసింది. పాటల టీచరు చేత దొంగని పట్టించింది. అన్నిట్లోనూ గుమాస్తా భార్యే పెద్ద. టీవీలో ఆవిడ తలుపు వెనకే ఉండేది.”

“కట్టు విప్పాక?”

“విప్పాక ఏముంది? మీ అక్క మళ్ళీ వంటింట్లోకి. మళ్ళీ ‘కాఫీ తెమ్మంటారా’. నాకు చూపొచ్చింది గానీ బావమరిదీ, ఇంట్లో సందడి పోయింది. అందుకే ఇవాళ ఈ ఎపిసోడ్ నెపం పెట్టుకున్నా. ఆమె వచ్చి నా పక్కన కూర్చోవాలి, మళ్ళీ చెప్పాలి. అంతే నాక్కావాల్సింది. నువ్వు మాత్రం ఆ సీను లేదని వాదించి చెడగొట్టకు.”

“సరే, ఉందంటా. పాలవాడు నాకు చుట్టమంటా. ఇదిగో, టీవీ వచ్చింది కూడా.”

“మీ అక్క వస్తోంది, ఉష్!”

“ఏంట్రా గుసగుసలు? నేను రాగానే ఇద్దరూ గప్‌చిప్ అయ్యారు.”

“ఏం లేదక్కా. పాలవాడి సంగతే. అవును, నాకు ఇప్పుడు గుర్తొచ్చింది. క్యాను... చాలా పెద్దది.”

“ఇందాక లేడన్నావు?”

“మా టీవీ చిన్నది కదా.”

“ఏవండీ, మొదలైంది. చూసుకోండి. నాకు వంటింట్లో పనుంది.”

“పని తర్వాత. ఇలా వచ్చి కూర్చో.”

“ఎందుకు? కళ్ళు బాగయ్యాయిగా.”

“కూర్చోవే. అదిగో, బీరువా తెచ్చారు. మెట్లెక్కిస్తున్నారు. ఇప్పుడేమవుతుందో చెప్పు.”

“కనిపిస్తూనే ఉందిగా, ఇరుక్కుంది.”

“నాకు కనిపించేది కాదు. నీకు కనిపించేది చెప్పు.”

“బావా, ఇదిగో, వెనక చెక్క ఊడదీస్తున్నారు. ఇప్పుడు గనక స్టూలు రాకపోతే...”

“నువ్వుండరా! ఏమే, చూడు నావైపు. ఆ స్టూలు రాదు. నాకు తెలుసు.”

“ఏంటండీ?”

“పాలవాడూ రాడు. అప్పుడు నాకు కట్టు ఊడింది. సందులోంచి అంతా కనిపించేది. టీవీ కనిపించేది, నువ్వూ కనిపించేదానివి. నువ్వు చెప్పేదంతా ఉత్తదేనని తెలుసు. తెలిసీ రోజూ ఎదురుచూశాను, ఎప్పుడు సాయంత్రమవుతుందా అని. కట్టు విప్పిన రోజు ఇల్లంతా సంబరపడ్డారు గానీ, నాకు మాత్రం బెంగపట్టుకుంది.”

“అక్కా... అక్కా, ఏడుస్తున్నావా?”

“నీకు కళ్ళ డాక్టర్ని చూపించాల్రా. నవ్వుతున్నాను.”

“నవ్వు, ఏడువు, ఏదో ఒకటి చెయ్యి గానీ ఇక్కణ్ణుంచి లేవకు. ఆ టీవీ కట్టేస్తాను కూడా. ఇదిగో, కట్టేశాను.”

“బావా! సీరియల్ మధ్యలో నువ్వే కట్టేశావా? ఒంట్లో బాగానే ఉందా?”

“మాట్లాడకు. ఇప్పుడు చెప్పవే. ఆ మెట్ల మీద పడుకున్న గుమాస్తాకి తెలియలేదు సరే, నాకైనా తెలియాలి. ఆవిడ ఆ పొద్దున ఏం చెప్పింది?”

“నిజంగా కావాలా?”

“కావాలి. ఏం ఊహించుకున్నా సరిపోవట్లేదు. ఆ మాటేంటో తెలియక నిద్ర పట్టట్లేదు నాకు.”

“ఆవిడ చెప్పబోతే మొగుడు రేడియోకి చెవి ఆనించి, ‘ఉష్’ అన్నాడండీ. ఆవిడ రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఉష్. ఇక మూడోసారి చెప్పకూడదనుకుంది.”

“పాపం! ఎంత మొద్దు మొగుడు!”

“అంతే కదా?”

“అంతే మరి. నేనైతే వినేవాణ్ణి. చెప్పు, ఇప్పుడు వింటున్నాను. ఏం చెప్పింది?”

“‘ఏవండీ, డాక్టరు దగ్గర్నుంచే వస్తున్నాను. మీ ఎడమ కంటికి ఇక కట్టు అక్కర్లేదట, ఇవాళే తీసెయ్యమన్నాడు’ అని.”