విజయదశమి నాటి సంతకం

రంగనాథ్ గారూ, మీరు ఇమిగ్రేషన్ కన్సల్టెంటు, మీకు తెలియంది కాదు. ఫ్రాన్స్‌కీ నైజర్‌కీ చెడితే, కాల్గరీలో నా కెనడా పీఆర్ ఎందుకండీ ఆగాలి?

చెబుతా, మొదట్నించీ చెబుతా. నైజర్ ఎడారిలో ఫ్రెంచి వాళ్ల యురేనియం గని. అందులో ఆరేళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేశా. మేం తవ్వింది ఓడెక్కి పోయి ఫ్రాన్స్‌లో కరెంటయ్యేది. గని పక్క ఊళ్లో కరెంటు పోతే రెండ్రోజులకొచ్చేది. అప్పుడే అనుకున్నా, ఈ కాపురం ఎక్కువకాలం నిలవదని.

అనుకున్నట్టే ఇరవై మూడులో సైన్యం గద్దెనెక్కింది. ఫ్రెంచి రాయబారిని పొమ్మన్నారు. నేను ఆగస్టులోనే ఒక బ్యాగుతో బయటపడ్డా. మా మేనేజరు సెప్టెంబర్లో ఆఫీసుకి తాళమేసి పారిస్ వెళ్లిపోయాడు. ఎద్దులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, నా ఎక్స్‌పీరియన్స్ లెటర్ అక్కడే ఇరుక్కుపోయింది.

అడగలేదా అంటారేంటి? పదకొండు మెయిళ్లు పెట్టా. పారిస్ వాళ్లు రికార్డులు నైజర్లో ఉన్నాయన్నారు. అక్కడ మిగిలిన గుమాస్తా, పారిస్‌తో మాకు మాటల్లేవన్నాడు. ఇక్కడేమో ఆ లెటర్ లేకపోతే ఆరేళ్లూ సున్నా. నాదీ మా ఆవిడ మీనాక్షిదీ వర్క్ పర్మిట్లు మేలో అయిపోతాయి.

ఇదిగో, ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర్నుంచి నిన్నొచ్చిన ఉత్తరం. ఆఫీసు సెప్టెంబర్లో మూతపడితే, నేను పెట్టిన లెటర్ మీద అక్టోబర్లో మేనేజరు అక్కడ కూర్చుని ఎలా సంతకం చేశాడు, ముప్పై రోజుల్లో చెప్పమన్నారు.

అట్లా చూడకండి. సరే. ఆయన చెయ్యలేదు. నేనే చేశా.

పాత లెటర్‌హెడ్ నా లాప్‌టాప్‌లో ఉంది. జూన్ తేదీ వేసుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. నాకేం పుట్టిందో, క్యాలెండర్ తీసి మంచిరోజు వెతికా. విజయదశమి కనిపించింది. దొంగ సంతకానికి ముహూర్తం పెట్టినవాణ్ని నన్నొక్కణ్నే చూసుంటారు మీరు.

ఉద్యోగం నిజమండీ. జీతం నిజం, చేతి మీద ఈ కాలిన మచ్చ నిజం. కాగితం ఒక్కటే అబద్ధం.

మీనాక్షికి తెలియదు. మేనేజరే పంపాడని చెప్పా. ఆమె పేరు కూడా అదే ఫైల్లో ఉంది, నేను మునిగితే తనూ మునుగుతుంది. ముసలాళ్ల హోంలో డబుల్ షిఫ్టులు చేసి సంసారాన్ని ఇక్కడిదాకా లాక్కొచ్చిన మనిషి. కింద కార్లో కూర్చుంది, మీరేమంటారోనని.

ఆ రెండు దేశాలకేముందండీ. ఒకరి అవసరం ఒకరికుంది, రేపో మాపో మళ్లీ చేతులు కలుపుతారు. నేను మాత్రం ఇప్పుడు వెళ్లి ఆ కారెక్కాలి.