చెంచయ్య మందు పోస్తే

ఇటు జరిగి కూర్చో అబ్బాయ్, ఆ మంచం కోడు ఊగుతది. కూర్చోవా? సరే, నిలబడే ఉండు, నేనూ కూర్చోలేకపోతన్నా. పోశావుగా మందు, ఇంక దాని పని అది చేయాల. ఎంతసేపు పడుద్దన్నావ్? పోనీలే, మళ్ళీ అడగను. సచివాలయం ఉద్యోగం, పశువుల పని, నీకు రోజూ ఉండేదేనయ్యా అనిలూ. నాకు ఉన్నది ఆ ఒక్క పెయ్యదూడే. వానకి తడిసిన పిల్లిపెసర తెగ మేసొచ్చి పడుకుంది, పొద్దున చూస్తే ఎడం డొక్క డప్పు లాగా ఉంది. నెమరు లేదు, లేవదు. అదుగో, ఇప్పుడు మూలిగిందా? లేదా? నా చెవులే సరిగా లేవులే. అదిగాదు, ఇందాక మందు పోస్తన్నంతసేపూ నువ్వు నా మీద అరిచావు చూడు, ‘తాతా, తల అంత ఎత్తమాక, మూతి దించు, దించు’ అని. కోపం రాలేదు, నవ్వొచ్చింది. అచ్చం మా అన్న గొంతే. మా చెంచయ్య అన్న. నువ్వు పుట్టకముందే పోయాడు.

ఈ ఊళ్ళో ఏ గొడ్డుకి ఏం వచ్చినా ఆయన్నే పిలిచేవాళ్ళు. కడుపుబ్బినా, దూడ తెల్లగా పారినా, మేత ముట్టకపోయినా ఆయనే. వెదురు గొట్టం చేతిలోకి వచ్చిందంటే ఇంక నోరు మూతపడేది కాదు. ‘దించవే అమ్మాయ్, ఇంకా దించు, ఒరేయ్, నాలుక బయటికి లాగమాక, అది మింగాలా వద్దా? ఆగు ఆగు, దగ్గింది, వదిలెయ్, తల వదిలెయ్, గుక్క తిప్పుకోనీ, ఆఁ, ఇప్పుడు పట్టు, మెల్లిగా’... ఇదీ వరస. వీధి చివరికి వినపడేది. ‘చెంచయ్య మందు పోస్తన్నాడా, రేడియో పెట్టారా’ అని నవ్వేవాళ్ళు. గొడ్డుకి గొట్టం పెట్టి మనిషికి ఉపన్యాసం ఏందిరా అని ఆయన ఈడువాళ్ళు మొహం మీదే అనేవాళ్ళు. అన్నీ పడేవాడు. పడి మళ్ళీ అరిచేవాడు.

కానీ ముందు అట్టా కాదు. ముందు మూగవాడు. అంటే నిజం మూగ కాదయ్యా, మందు వేళప్పుడు. మాది ఇంటి మందు, మా నాయన ఇచ్చిపోయింది. ఒక ఆకు. పాచినోటితో పోయి కోయాల, నూరి మజ్జిగలో కలపాల. ఆకు తుంచింది మొదలు మందు పశువు గొంతు దిగేదాకా పెదవి విప్పకూడదు. విప్పితే మందులో సత్తువ పోద్ది. మొదలెట్టినాక సగంలో ఆపకూడదు, అదింకో నియమం. మా నాయన దణ్ణం పెట్టించుకుని మరీ చెప్పాడు. ఒకసారి ఏమైందో తెలుసా, ఈయన ఆకు గుప్పిట్లో పట్టుకుని వస్తంటే వినుకొండ నించి వాళ్ళత్త బస్సు దిగి ఎదురైంది. ‘బాగున్నారా అల్లుడుగారూ’ అంది. ఈయన తలొంచుకుని చక్కా పోయాడు! ఆమె ఆ పూట ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. చచ్చిందాకా దెప్పింది, ‘మా అల్లుడికి గొడ్డు మీదున్న గౌరవం నా మీద లేదు’ అని. వెళ్ళి ఒకసారి డొక్క చూసిరా అబ్బాయ్. తగ్గిందా? కాస్త తగ్గినట్టుందా? నట్టుంది అంటే నాకు చాలదు.

ఆఁ, ఆయన నోరు విప్పించింది నజీరా. మా వెనకింట్లో ఉండేది. మొగుడు పోయాక ఒక్క గేదెని పెట్టుకుని బతికింది. మార్టూరులో రాయి పాలిషింగు పట్టే చోట్ల కూలోళ్ళు తాగే టీ కొట్టుంటే, దానికి పాలు పోసేది. ఆ గేదె మహా మొండిది. దూడ పొదుగు కింద కుమ్మితేనే చేపేది, లేకపోతే నువ్వు కాళ్ళు మొక్కినా చుక్క దించేది కాదు. అంటే ఆమె బువ్వ ఆ దూడ మూతిలో ఉంది. ఆ దూడకి పారుడు పట్టింది. అన్న ఆకు నూరుకొచ్చాడు. నేను లేను ఆ రోజు, మిర్చి టిక్కీ బస్తాలేసుకుని గుంటూరు యార్డుకి పోయా. నజీరానే దూడ తల పట్టింది. పాపం, త్వరగా దిగుద్దని మూతి ఆకాశానికి ఎత్తింది. అన్న చూశాడు. అట్టా ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోద్దని ఆయనకి తెలుసు. దించు అంటే చాలు. అనలేదు. తల ఆడించాడు, కళ్ళు ఉరిమాడు. పట్టు సరిగా లేదని తిడతన్నాడేమో అనుకుని ఆ పిల్ల ఇంకా బిగించి ఎత్తింది. దూడ పొలమారింది. ముక్కుల్లోంచి మజ్జిగ కారింది. అయినా ఈయన గొట్టం తీయలేదు, సగంలో ఆపకూడదుగా.

పారుడు కట్టింది. అదీ విచిత్రం, పారుడు కట్టింది! కానీ దూడకి జ్వరం పట్టుకుంది, ఎగరొప్పు. మెడ చాపుకుని నోటితో పీల్చేది గాలి. పోయింది. ఊరంతా ‘ఆడకూతురు, పట్టు చాతకాలేదు’ అన్నారు. ఆమె కూడా అదే అనుకుంది, ‘నా చేతుల్లోనే పోయింది నా చేతుల్లోనే పోయింది’ అని రెండు చేతులూ చూసుకునేదంట. గేదె చేపలేదు. టీ కొట్టువాడు వేరే పాలు చూసుకున్నాడు. మా అమ్మేమో అన్నతో, ‘నువ్వు నియమం తప్పలేదు నాయనా, నీ తప్పేముంది, దాని ఆయుష్షు అంత’ అని. ఆ మాటకి అన్న కంచం ముందు నించి లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండుద్దయ్యా ఇప్పటికీ తలుచుకుంటే. ఎవరి మీద మండాలో తెలీదు, అదొకటి.

ఆఖరికి, ‘పదరా తమ్ముడూ’ అని నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు. ఆమె ఖాళీ కుడితి తొట్టి కడుగుతంది. అన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. ‘అమ్మాయ్, నీ చేతుల తప్పు కాదు. నువ్వు తల ఎత్తటం నేను చూశా. నోరు విప్పితే మందు చెడుద్దని ఊరుకున్నా’ అన్నాడు. తిడుద్దనుకున్నా నేను. ఏడుస్తదనుకున్నా. ఆమె తొట్టి బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని, నిజంగా అర్థం కాక అడిగినట్టు అడిగింది. ‘చెడితే చెడేది గదన్నా. ఆకు గట్టు మీదే ఉందిగా. మళ్ళీ కోసుకొచ్చేవాడివి.’

గట్టు నిండా ఉంటదయ్యా ఆ ఆకు. పీకినా మొలుస్తది. మా నాయనకి తట్టలేదు, మా అన్నకి తట్టలేదు, నాకూ... ఉండు. ఉండు, మాట్లాడమాక. అది త్రేన్పేనా? త్రేన్పితే కడుపులో గాలి పోయినట్టేగా? మరి లేవదేం? పద, పద అబ్బాయ్, నువ్వు ముందు నడు.