మఫ్లర్ కట్టుకున్న దాత

(జంతువుల ఆసుపత్రి వరండా. బెంచీకి ఈ చివర కోడలు, ఆ చివర అత్తగారు, మధ్యలో వాళ్ళ కుక్క.)

"నా మాట విను. లే, ఇంటికి పోదాం."

"అత్తయ్యా, ఇది పదోసారి! పక్కింటి టీచరు గారి కుక్క చావుబతుకుల్లో ఉంది. రక్తం ఎక్కించకపోతే సాయంత్రం దాకా ఉండదట. ఫోన్లో ఆవిడ ఒకటే ఏడుపు."

"పాపం కాదని ఎవరన్నారు? ఇంకో కుక్క దొరక్కపోదు."

"మన బుడగ ముప్ఫై కిలోలు. వీధి మొత్తంలో ఇంత కుక్క ఇంకోటుందా?"

"ఒళ్ళుంటే సరిపోయిందా? నోరులేని జీవి. ఇస్తానని నీతో చెప్పిందా?"

"అబ్బో! మీరు దీని తరఫునా! నాలుగేళ్ళుగా 'ఆ శని' అనే తప్ప పేరు పెట్టి పిలిచారా? తోక తగిలితే తలస్నానం చేస్తారు."

"శని అయితే మాత్రం? దానికి సూది గుచ్చితే నొప్పి పుట్టదా?"

"సరే, అది పోనివ్వండి. ఇంత ఎండలో దీని మెడకి మఫ్లరేమిటి?"

"జలుబు."

"కుక్కకా?"

"తుమ్మింది. రెండుసార్లు. దీని రక్తం ఎక్కిస్తే ఆ కుక్కా తుమ్ముతుంది."

"ఓరి నాయనో! ఇంతకీ ఎవరు కట్టారు?"

"ఏమో. గాలికి చుట్టుకుందేమో."

"గాలి మూడు ముళ్ళు కూడా వేసిందా! ఇది మీ మఫ్లరే."

"పాతది. ఎప్పుడో పారేశాను."

"నిన్న సాయంత్రం మీ మెడలో... అరెరే, బుడగా! ఆగు! ఎక్కడికిరా లోపలికి? చూడండత్తయ్యా, తలుపు తోసుకుని పోయి టేబులెక్కి పడుకుంది! ఏ కుక్కైనా మందుల వాసనకే పారిపోతుంది, ఇదేంటి, అత్తారింటికి వచ్చినట్టు?"

"బుద్ధిలేనిది. పద, దించేద్దాం."

"ఓహో, దొరగారు వచ్చారా! రండి రండి!"

"దొరేమిటి, డాక్టరమ్మా? ఇది బుడగ. రక్తం ఇప్పిద్దామని తెచ్చాను. మొదటిసారి."

"మొదటిసారా? ఒకసారి ఆ మఫ్లర్ విప్పండి. పెద్దమ్మగారూ, మీరు తలుపు వెనక నక్కారెందుకు?"

"ఎవరు, నేనా? మీరెవరో నాకు తెలీదు."

"ఇదిగోనమ్మా, మెడ మీద బొచ్చు గొరిగిన చోటు. ఇరవై రోజుల కిందటే ఇచ్చింది. మూడు నెలలు ఆగితేగానీ మళ్ళీ తీయం."

"ఇరవై రోజుల కిందటా? ఎవరు తెచ్చారు? ...అత్తయ్యా!"

"నువ్వు ఆఫీసుకి వెళ్ళాక... ఊరికే... అలా నడకకి..."

"రెండేళ్ళుగా తెస్తున్నారు. మొన్నటిది ఏడోసారి."

"ఇదా మీ మోకాళ్ళ డాక్టరు! ఆటోలో ఒక్కదాన్నే వెళ్తానని అంత పట్టు ఇందుకా! పొద్దున్నే ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"కుక్కంటే పడదని నాలుగేళ్ళు వీధంతా చాటుకున్నదాన్ని. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"బాగుంది! మరి టీచరు గారి కుక్క గతేమిటి? దీని దగ్గర తీయకూడదంటే అది..."

"కంగారు పడకండి. ఆవిడ భయంతో మీకు ఫోన్ చేశారు గానీ, ఫ్రిజ్‌లో ఒక సంచి ఉంది. సరిపోయింది, ఎక్కించేశాం. ఇప్పుడే లేచి నీళ్ళు తాగింది."

"హమ్మయ్య! బతికించారు. ఎవరిదమ్మా ఆ రక్తం?"

"ఇదిగో రిజిస్టరు. ఇరవై రోజుల కిందటి పేజీ. మీరే చదవండి."

"దాత పేరు, దొర. వయసు, నాలుగు. తెచ్చినవారికి ఏమవుతారు... అత్తయ్యా! 'మనవడు' అని రాశారా!"

"ష్! మెల్లగా చదువు! వాడు విన్నాడంటే నెత్తికెక్కి కూర్చుంటాడు."