మీ దాదా గీసిన ఇంజన్

గిదేం మర్యాద నిషాత్ బిడ్డా, నాకు చాయ్ పోస్తవా? నాకు? గేటుకాడనే తరిమెయ్యాలె నన్ను. కుర్చీ గూడ వద్దు. గీడనే నిలబడ్త.

ఏం మనుషులో ఏమో! రెండేండ్లు కష్టపడి కడ్తిమి. తుక్కుల పడున్న పాత బొగ్గింజన్ తెచ్చి, నిజాం జమానల మీ దాదా గీసిన నక్షా ప్రకారం కట్టెలతోని నడిచేటట్టు కడ్తిమి. అప్పట్ల ఎవ్వలూ కట్టకుండనే పక్కకు పెట్టిన నక్షా అది. పొద్దున పెద్దోళ్ల ముందట ఒక్కపారి కదలలేదని, కమిటీ రఘుపతి సారు దాన్ని మళ్ల పాత తీరుగనే మార్చి, రంగేసి పార్కుల నిలబెడ్తడట. మీ తాత పేరుపలక అప్పుడే ఊడదీసిన్రు. నువ్వు గూడ చూసినవు గదా.

అరే, బాయిలర్ అంటే ఏందనుకున్నరు? ముందురోజే నిప్పు పెట్టాలె. సన్నమంట మీద మెల్లగ కాగాలె. లేకుంటే లోపలి గొట్టాలు అతుకులకాడ వదులైతయి. గిది నాకు తెల్వదా? నా ఉమ్రంత బాయిలర్ల పనే చేసిన.

మరెందుకు పెట్టలే అంటవా?

ముందురోజు అమాస బిడ్డా.

అమాసనాడు కొత్త పొయ్యి ముట్టిస్తరా ఎవరన్న? "ఏం కాదు చాచా, ముట్టియ్యి" అన్నవు నువ్వు. మా పద్ధతులు నీకేం తెల్సని నీ మీదనే లేచిన, గంత మంది ముందట.

ఇగ తెల్లారంగ ముట్టిచ్చిన. పెద్దోళ్లు వచ్చే యాళ్లయింది, ఆవిరి రాదాయె. డీజిల్‌ల ముంచిన పేలికలు కుక్కిన, కట్టెల మీద కట్టెలేసిన. టెంకాయ కొట్టెటాల్లకు గొట్టాలు కారుడు షురువైంది. ఆ నీళ్లకు ఉన్న నిప్పంత ఆరిపాయె.

రఘుపతి సారు మైకు నా మూతికాడ పెట్టిండు. "ఏమైంది లింగస్వామీ?"

ఏమన్ననో విన్నవు గదా. "నక్షానే తప్పు సార్. గందుకే అప్పట్ల కట్టలే" అన్న. నోటికెట్లొచ్చిందో! సచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనడు గదా. అందరు తలకాయలూపిన్రు. నిజం చెప్త, అట్ల ఊపుతుంటే నా పానం నిమ్మలమైంది. సిగ్గులేని పానం.

గంతవరకే అయితే నేను రాకపోతుంటి. తిని పండుకుంటుంటి. షెడ్డు బయట నువ్వే నా దగ్గరికి వస్తివి. నా చేతులు పట్టుకొని "మాఫ్ చెయ్ చాచా, మా దాదా తప్పుకు నీ కష్టమంత మట్టిల కలిసింది" అంటివి. నేనేమన్న? "పోనీ తియ్ బిడ్డా" అన్న! నేనేదో పెద్దమనసు చేసుకున్నట్టు!

ఆ నక్షా మళ్ల పరిచి మాపటిదాంక చూసిన. ఒక్క తప్పన్న దొరికితే బాగుండనుకుంట చూసిన. దొరకలే. గీత గీత సక్కగున్నది. చెడగొట్టింది నేనే.

ఏడువకు. తిట్టు. తిడితే జర మంచిగుంటది.

ఏంది? కమిటీ ఆల్లకు గూడ చెప్తవా అంటవా? రేపు పొద్దుగాల పోయి... ఇప్పుడేనా?

సరే. రఘుపతి సారుకు ఫోన్ కలుపు. నా చేతికి మాత్రం ఇయ్యకు, కట్ చేస్త. నువ్వే పట్టుకో.