చుక్క పెడితే తీసుకోని ఫారం

1999 వేసవి. మాదాపూర్‌లోని ఆ కొత్త ఆఫీసులో ఆమెకది మొదటి ఉద్యోగం. ఒక బ్లడ్‌బ్యాంకు కోసం, రక్తదాతలు ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకునే ఫారాన్ని ఆమే ఒక ఉచిత టూల్‌తో తయారు చేసింది. మేనేజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“కొన్న సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ ఉచిత టూల్ ఎందుకమ్మా? రేపు చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?”

“మనమే చేసుకోవచ్చు సార్. దీని కోడ్ అందరికీ కనిపిస్తది.”

“కనిపిస్తే చాలా? అలా బాగుచేసినవాళ్లెవరైనా ఉన్నారా?”

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

“నేను చేసిన సార్. ఇంటిపేరుకు ఒక్క అక్షరం రాసి చుక్క పెడితే ఫారం తీసుకోకపోతుండె. మన దగ్గర అందరు గట్లనే రాస్తరు గద. కోడంతా చదివి సరిచేసిన. టూల్ తయారు చేసినోళ్లకు మెయిల్‌ల పంపిన.”

“జవాబిచ్చారా?”

“నిన్న కొత్త వెర్షన్ వచ్చింది. నేను పంపింది అందులో కలిపిన్రు. జర ఇది చూడండి.”

తెర మీద, ఆ టూల్‌కు తోడ్పడినవారి జాబితాలో ఎక్కడెక్కడి దేశాలవాళ్ల పేర్ల నడుమ ఉన్న ఒక పేరును ఆమె వేలితో చూపించింది. మేనేజరు ముందుకు వంగి చదివాడు.

“ఇది నువ్వా?”

“నేనే సార్. ఊరు రాయమంటే మియాపూర్ అని రాసిన. అది కూడా పెట్టిన్రు.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

“దీంతోనే వెళ్దాం. రేపు బ్లడ్‌బ్యాంకు వాళ్లకి మీరే చూపించండి.”

ఆయన ఆమెను ‘మీరు’ అనడం అదే మొదటిసారి. ఆమె తలూపింది గానీ, తెర మీది తన పేరు మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.