పక్క లైనులో గొంతు

మేడ మీద ఒంటిగది. బట్టలు కుట్టే ఆవిడ మిషన్ ముందు కూర్చుని ఉంది. టెలిఫోన్ లైన్‌మన్ గోడ దగ్గర చతికిలబడి తీగలు విప్పుతున్నాడు.

“నేను కంప్లైంటు ఇవ్వలేదు బాబూ. నువ్వే ఇల్లు పొరబడి ఉంటావు.”

“పొరబడలేదమ్మా. వెనక వీధిలో ఇచ్చారు. వాళ్ల ఫోనులో ఇంకెవరిదో గొంతు వినిపించిందట. తీగ పట్టుకుని వస్తే మీ గది తేలింది.”

“నా ఫోను మోగడమే గగనం. నా గొంతు ఎవరికి వినిపిస్తుంది?”

“మరి మీకేమీ వినపడటం లేదా?”

“ఏం వినపడుతుంది? గరగర.”

“గరగరేనా?”

“గరగరే. అప్పుడప్పుడు ఏవో మాటలు. నాకెందుకయ్యా, చేతినిండా పని. అవునూ, బాగుచేస్తే ఇక ఆ మాటలు వినపడవా?”

“ఒక్క ముక్క వినపడదు. ఇదిగో, చెమ్మ పట్టి తొడుగు ఊడిపోయింది. మీ తీగా వాళ్ల తీగా తగులుతున్నాయి. విడదీసి టేపు చుట్టేస్తే సరి.”

“ఇవాళే చుట్టాలా?”

“అదేంటమ్మా?”

“అంటే, బట్టలిచ్చేవాళ్లు వచ్చే వేళ. ఇంకోరోజు రాకూడదూ?”

“వస్తే రానివ్వండి, నేనేం అడ్డం?”

“వస్తారు. భుజమెంత, నడుమెంత, ఎప్పుడిస్తావు. ఆ మూడు మాటలే. వెళ్లిపోతారు.”

“అమ్మా, మీరు ఆ లైను వింటున్నారు కదూ?”

“మొదటిసారి కావాలని కాదు. ఎవరో అమ్మాయి. ఎవరికో చేస్తుంది. అవతల మోగుతూనే ఉంటుంది, ఎత్తరు. అయినా పెట్టెయ్యదు. ఆ మోగే గంటకే చెప్పుకుంటుంది. ఇల్లు సర్దాను, తలనొప్పిగా ఉంది, నువ్వు రాకపోయినా పర్లేదు, ఒక్కసారి ఎత్తు, అని. చెప్పీ చెప్పీ ఏడుస్తుంది.”

“మీరేం చేస్తారు?”

“ఏం చేస్తాను? మిషన్ ఆపేస్తాను. తను పెట్టేసేదాకా పట్టుకుని కూర్చుంటాను. ఏడ్చే మనిషిని వదిలేసి ఎలా వెళ్తాం?”

“మీరున్నట్టు తనకి తెలీదుగా.”

“మొన్నటిదాకా తెలీదు. మొన్న మరీ వెక్కివెక్కి... నా నోరు ఆగలేదు. ఊరుకో తల్లీ, నేనున్నాను, అన్నాను.”

“ఏమంది?”

“ఎవరూ, ఎవరది, అంది. గభాలున పెట్టేశాను. పాపం, హడలిపోయి ఉంటుంది. దొంగచాటుగా వింటోంది ఎవత్తో అనుకుని ఉంటుంది. చుట్టెయ్ బాబూ. ఇవాళే చుట్టెయ్.”

“చేస్తున్నా... అయిపోయింది. ఎత్తి చూడండి.”

“ఏమీ లేదు. గరగర కూడా లేదు.”

“ఇటివ్వండి. వాళ్ల నంబరు తిప్పి అటువైపు కూడా చూడాలి. హలో, లైన్‌మన్‌నండీ. ఇప్పుడు బాగుందా? ఆఁ, దొరికారు. ఇక్కడే ఉన్నారు. ఉండండి.”

“ఎవరు దొరికారు? నన్ను పట్టించావా? తప్పయింది, ఇంకెప్పుడూ విననని చెప్పు.”

“కంప్లైంటు ఇచ్చినప్పుడు ఆ అమ్మాయి అడిగింది లైను సంగతి కాదమ్మా. ఆ గొంతు ఎవరిదో ఎలాగైనా వెతికి పెట్టమంది. పట్టుకోండి, ఎదురుచూస్తోంది.”

“నాకోసమా?... తల్లీ, తిన్నావా?”